కీమో పనిచెయ్యలేదంటున్నారు, మరి ఆపరేషన్ సంగతేంటి

అండాశయం క్యాన్సరో గర్భసంచి క్యాన్సరో వేరే చోటికి పాకి, పైగా కీమోకి కూడా లొంగట్లేదని డాక్టర్ చెప్పిన రోజు ఇంట్లో రెండు రకాల మాటలు మొదలవుతాయి. "పొలం అమ్మైనా సరే ఆపరేషన్ చేయిద్దాం" అనేవాళ్ళు కొందరు, "పాకిపోయాక ఇంకెందుకమ్మా కోయించడం, ఉన్నన్నాళ్ళు ప్రశాంతంగా ఉండనివ్వండి" అనేవాళ్ళు కొందరు. ఇద్దరూ ప్రేమతోనే అంటారు, అందులో అనుమానం లేదు. కానీ ఈ రెండు మాటలూ తప్పు మనిషి దగ్గర పడటం నేను దగ్గరుండి చూశాను. మా పిన్నికి అక్కర్లేని ఆపరేషన్ జరిగింది. మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్ అమ్మాయికేమో ప్రాణం నిలబెట్టే ఆపరేషన్ కొద్దిలో చేజారిపోయేది.

నేను డాక్టర్ని కాదు. హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీలో ట్రయల్స్ డేటా చూసే ఉద్యోగం, కాబట్టి ట్రయల్ పేపర్లు చదవడం అలవాటు, పిన్ని జబ్బు పడ్డాక ఆ అలవాటు ఇంటి పని కూడా అయిపోయింది. నేను చెప్పేది ఒక్కటే. "కీమోకి లొంగలేదు" అనే ఒక్క మాట మీద ఆపరేషన్ నిర్ణయం జరగకూడదు, చెయ్యడానికీ జరగకూడదు, వద్దనడానికీ జరగకూడదు. ఎందుకంటే ఆ మాట వెనక కనీసం మూడు వేరువేరు జబ్బులున్నాయి, ఒకదానికి సరైనది ఇంకోదానికి పూర్తిగా తప్పు.

మొదట ఎక్కువమందికి వచ్చేదాని గురించి చెప్తాను, హై గ్రేడ్ సీరస్ అనే అండాశయం క్యాన్సర్. పిన్నికి వచ్చింది ఇదే. మొదటిసారి ఆపరేషన్ చేసి, కార్బోప్లాటిన్ (ప్లాటినం జాతి మందు), పాక్లిటాక్సెల్ ఇచ్చారు, అందరికీ ఇచ్చే కీమోనే. రక్తంలో ఈ జబ్బుని పట్టి చూపే సీఏ 125 అనే అంకె నార్మల్‌కి వచ్చింది, తెనాలి వెళ్ళిపోయింది, జుట్టు కూడా మళ్ళీ వస్తోందని ఫోన్లో చెప్పేది. కొద్ది నెలలకే పొట్ట ఉబ్బరం, స్కాన్ తీస్తే నీరు. చివరి ప్లాటినం కీమో అయిన 6 నెలల లోపే జబ్బు మళ్ళీ కనబడితే దాన్ని ప్లాటినం రెసిస్టెంట్ అంటారు. 6 నెలలు దాటి వస్తే సెన్సిటివ్. ఈ గీత అంత కచ్చితమైనదేం కాదు, ఐదున్నర నెలలకీ ఆరున్నర నెలలకీ ఒంట్లో పెద్ద తేడా ఉండదు, కానీ ఇప్పటిదాకా వచ్చిన ఆధారాలన్నీ ఈ గీత చుట్టూనే ఉన్నాయి కాబట్టి మనం కూడా దాన్ని పట్టించుకోక తప్పదు.

పిన్నిది గీతకి ఇవతల, అంటే 6 నెలల లోపే. అప్పుడు ఒక పెద్ద ఆసుపత్రి సర్జన్ "ఓపెన్ చేసి ఎంత వస్తే అంత తీసేద్దామండీ, ఆపైన వేడి కీమో కూడా ఇచ్చేద్దాం" అన్నారు. బాబాయ్‌కి ఆ మాటతో ప్రాణం లేచొచ్చినట్టయింది. అంత పెద్ద డాక్టర్ చేస్తానంటే వద్దంటామా అని చుట్టాలందరూ అన్నారు.

"ఎంత వస్తే అంత" అన్న మాట దగ్గరే ఆగి ఆలోచించాలి, ఎందుకంటే ఈ జబ్బులో అసలు విషయమంతా అక్కడే ఉంది. ఈ క్యాన్సర్ ఒకచోట గడ్డలా ఉండదు, పొట్ట లోపలి పొర మీద, పేగుల మీద, పేగుల్ని పట్టి ఉంచే పొర మీద, డయాఫ్రమ్ కింద రవ్వ చల్లినట్టు ఉంటుంది. సర్జన్ కంటికి కనబడిందే తీయగలడు. కనబడనిదాని పని ఆ తర్వాత ఇచ్చే కీమో చూసుకోవాలి, మొదటిసారి ఆపరేషన్ పనికొచ్చేది అందుకే, వెనక పనిచేసే మందుంది కాబట్టి. ఆ మందే పనిచెయ్యట్లేదని తేలాక పొట్ట తెరిస్తే, కుట్లు మానేలోపే మిగిలింది పెరగడం మొదలుపెడుతుంది, పైగా ఆ కోలుకునే వారాల్లో ఉన్న రెండో రకం మందు కూడా ఇవ్వలేరు.

ఇది నా ఊహ కాదు. జబ్బు తిరగబెట్టాక రెండో ఆపరేషన్ చెయ్యాలా వద్దా అని పెద్ద ట్రయల్స్ మూడు జరిగాయి. అమెరికా వాళ్ళ నాయకత్వంలో జరిగిన జీఓజీ 213లో 485 మంది, ఫలితాలు 2019లో వచ్చాయి, ఆపరేషన్ చేసిన గుంపులో బతికిన కాలం మీడియన్ లెక్కన (అంటే సగం మంది అంతకంటే ఎక్కువే బతికారని) 50.6 నెలలు, చెయ్యని గుంపులో 64.7 నెలలు. అంటే మేలేమీ కనబడలేదు. తర్వాత 2021లో జర్మన్ డాక్టర్ల డెస్క్‌టాప్ 3 వచ్చింది, 407 మంది, అందులో ఆపరేషన్ గుంపు 53.7 నెలలు, మిగతావాళ్ళు 46 నెలలు. ఒకటి వద్దంటే ఇంకొకటి చెయ్యమంటున్నట్టుంది కదా, కానీ జర్మన్ల దగ్గర మనుషుల్ని ఎంచుకున్న తీరు చూడాలి. మనిషి తన పనులు తాను చేసుకునేంత ఓపికతో ఉండాలి, పొట్టలో నీరు అర లీటరు దాటకూడదు, మొదటి ఆపరేషన్‌లో ఏమీ మిగలకుండా తీసి ఉండాలి, ఈ మూడూ ఉంటేనే తీసుకున్నారు. అదే ఏడాది చైనా నుంచి వచ్చిన 357 మంది ట్రయల్ కూడా స్కాన్లూ స్కోర్లూ చూసి ఏరుకునే చేసింది.

డెస్క్‌టాప్ 3లో ఇంకో లెక్క ఉంది, దాన్ని ప్రతి ఆంకాలజీ ఓపీ గోడ మీద రాసిపెట్టాలని నా కోరిక. ఆపరేషన్‌లో కంటికి కనబడేదంతా తీసేసిన వాళ్ళు 61.9 నెలలు బతికారు. కొంత మిగిలిపోయిన వాళ్ళు సుమారు 28 నెలలే. అసలు ఆపరేషనే చేయించుకోనివాళ్ళు 46 నెలలు. అంటే సగం సగం ఆపరేషన్ అయినవాళ్ళు అస్సలు కాని వాళ్ళకంటే తక్కువ బతికారు. మిగిలిపోయిన వాళ్ళ జబ్బే మొండిదై ఉండొచ్చు కదా అని ఎవరైనా అడిగితే, నిజమే, ఉండొచ్చు, ఆ పోలిక లాటరీ తీసి చేసింది కాదు. అయినా "ఎంత వస్తే అంత తీస్తాం" అనే హామీకి ఇందులో ఎక్కడా ఆధారం దొరకదు.

ఇంకో సంగతి, ఈ మూడు ట్రయల్స్‌లోనూ 6 నెలల లోపు తిరగబెట్టిన వాళ్ళని అసలు చేర్చుకోలేదు. మొత్తం వాదన అంతా ప్లాటినంకి ఇంకా లొంగే జబ్బు గురించే. అలాంటి జబ్బులోనే ఇంత ఏరి ఏరి చేస్తే కొద్ది నెలలు కలిసొచ్చినప్పుడు, లొంగని జబ్బులో, పొట్ట నిండా నీరున్న మనిషికి ఏ ధైర్యంతో చేస్తున్నారు? పిన్నికి నీరు వారానికోసారి తీయించాల్సి వచ్చేది అప్పటికే.

ఆపరేషన్ అయ్యాక ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీ నా దగ్గరుంది. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో "మాక్సిమల్ సైటోరిడక్షన్ డన్" అని ఉంది, అంటే వీలైనంత తీశాం అని. అది చూసి బాబాయ్ మొత్తం తీసేశారనుకున్నారు, ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆపరేషన్ నోట్ విడిగా అడిగి తెప్పించుకుంటే అందులో రెండో పేజీ మధ్యలో చిన్న లైను, చిన్నపేగు మీసెంటరీ (పేగుల్ని పట్టి ఉంచే పొర) మీద డిపాజిట్లు ఉన్నాయి, తీయడానికి కుదరలేదు అని. ఎంత సైజువి మిగిలాయో లేదు. పెద్దపేగు ముక్క తీశారు కాబట్టి పొట్టకి బ్యాగ్ పెట్టారు, అది మార్చుకోవడం నేర్చుకోవడంతోనే పిన్నికి ఓపిక అయిపోయింది, తర్వాతి మందు మొదలుపెట్టేంత బలం రానే లేదు. ఉన్న కొద్దికాలంలో ఎక్కువ భాగం హైదరాబాద్‌లో ఆసుపత్రి మంచం మీదే గడిచింది, తెనాలి తీసుకెళ్ళమని ఎంత అడిగేదో.

వేడి కీమో గురించి రెండు మాటలు. హైపెక్ అంటారు, ఆపరేషన్ టేబుల్ మీదే వేడి చేసిన మందుని పొట్టలో గంటో గంటన్నరో తిప్పుతారు. దీనికి మంచి పేరు తెచ్చింది 2018లో వచ్చిన డచ్ ట్రయల్, అందులో బతికే కాలం 33.9 నెలల నుంచి 45.7 నెలలకి పెరిగింది. కానీ అది మొదటిసారి జబ్బు వచ్చి, మూడు సైకిల్స్ కీమోకి కనీసం నిలకడగా ఉన్నవాళ్ళలో. ప్లాటినంకి లొంగని జబ్బుకి ఆ అంకె చూపించడం అన్యాయం. లక్షల్లో బిల్లు అయ్యే పనికి, ఇది ఎవరిలో రుజువైందో, ఎవరిలో కాలేదో రోగికి చెప్పి తీరాలి.

ఇక్కడిదాకా చదివి నేను ఆపరేషన్లకి వ్యతిరేకం అనుకోవద్దు. ప్లాటినం రెసిస్టెంట్‌లో కూడా ఒకే ఒక్క చోట ఒక్క గడ్డ ఉండి, మనిషి గట్టిగా ఉంటే, ట్యూమర్ బోర్డులో (సర్జన్లు, కీమో, రేడియేషన్ డాక్టర్లు కలిసి నిర్ణయించే చోట) కూర్చుని మాట్లాడుకుని తీసే సందర్భాలున్నాయి. అలాంటివి తక్కువ, అంతే.

రెండో జబ్బు లో గ్రేడ్ సీరస్. పేరు దాదాపు ఒకటేలా ఉంటుంది, బయాప్సీ రిపోర్టులో ఒక్క మాట తేడా, జబ్బు మాత్రం వేరే. ఇది కాస్త వయసులో చిన్నవాళ్ళకి ఎక్కువగా వస్తుంది, మెల్లగా పెరుగుతుంది, మెల్లగా పెరుగుతుంది కాబట్టే కీమో దాన్ని పెద్దగా తాకదు. తిరగబెట్టిన లో గ్రేడ్ జబ్బుకి కీమో ఇస్తే గడ్డలు తగ్గింది నూటికి నలుగురిలో కూడా కాదని అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు 2009లోనే రాశారు. అంటే ఇక్కడ కీమోకి లొంగకపోవడం చివరి దశకి గుర్తు కాదు, ఆ జబ్బు స్వభావమే అంత. అందుకని ఇందులో మళ్ళీ ఆపరేషన్ చెయ్యడానికి అర్థం ఉంది. అదే ఆసుపత్రి 2015లో 41 మంది వివరాలు రాస్తే, రెండోసారి ఏమీ మిగలకుండా తీయగలిగిన వాళ్ళు ఐదేళ్ళ దాకా జబ్బు పెరగకుండా ఉన్నారు, మిగిలినవాళ్ళకి ఏడాది కూడా ఆగలేదు. చిన్న లెక్కే, ఏరిన మనుషులే, కానీ వాళ్ళని హై గ్రేడ్ వాళ్ళతో కలిపి "కీమో ఫెయిల్, ఇంక ఏం లేదు" అనడం ఎంత తప్పో చూడండి. పైగా వీళ్ళకి లెట్రోజోల్ లాంటి హార్మోన్ మాత్రలున్నాయి, ట్రామెటినిబ్ అనే మాత్ర కూడా 2022లో మంచి ఫలితం చూపించింది. కాబట్టి బయాప్సీ స్లైడ్లూ బ్లాకులూ ఇంకో పెద్ద ల్యాబ్‌కి పంపి మళ్ళీ చదివించండి అని నేను అందరికీ చెప్తుంటాను, ఖర్చు కొద్దిగానే, దాంతో దారే మారిపోవచ్చు.

మూడోది కోరియోకార్సినోమా, దాని చుట్టూ ఉన్న చిన్న కుటుంబం. దీని గురించి మన దగ్గర మాట్లాడేవాళ్ళే తక్కువ, అందుకే ఎక్కువ రాస్తున్నా. కడుపు వచ్చినప్పుడు బిడ్డకి బదులు మాయ కణాలు నీటిబుడగల్లా పెరిగితే దాన్ని ముత్యాల గర్భం అంటారు కదా, దాన్ని శుభ్రం చేశాక కూడా కొందరిలో ఆ కణాలు మళ్ళీ లేచి క్యాన్సర్ అవుతాయి, మామూలు కాన్పు తర్వాత గానీ అబార్షన్ తర్వాత గానీ కూడా రావచ్చు. రక్తంలో పడి ప్రయాణం చెయ్యడం వీటికి పుట్టుకతో వచ్చిన గుణం, అందుకని ఊపిరితిత్తులకి చాలా తొందరగా వెళ్తాయి.

కానీ ఇది మనుషులు మందుతో నయం చేసిన మొదటి గడ్డ క్యాన్సర్. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ మెథోట్రెక్సేట్ ఇచ్చి ఊపిరితిత్తులకి పాకిన జబ్బుని కూడా మాయం చేశారు. స్కాన్‌లో గడ్డ కనబడకపోయినా హెచ్‌సీజీ (మాయ కణాలు రక్తంలోకి వదిలే హార్మోన్) సున్నాకి వచ్చేదాకా మందు ఆపకూడదని లీ పట్టుబట్టాడు, దానికి ఉద్యోగం పోగొట్టుకున్నాడు, తర్వాత ఆయనే కరెక్ట్ అని తేలింది, 1972లో ఇద్దరికీ లాస్కర్ అవార్డు ఇచ్చారు. ఇవాళ తక్కువ రిస్క్ వాళ్ళు దాదాపు అందరూ బతుకుతారు. ఫిగో స్కోరు (ఈ జబ్బు ఎంత ప్రమాదమో లెక్కగట్టే కొలత) 7, ఆపైన ఉంటే ఎక్కువ రిస్క్, వాళ్ళకి లండన్‌లో చేరింగ్ క్రాస్ ఆసుపత్రి వాళ్ళు తయారుచేసిన ఈఎంఏ సీఓ అనే ఐదు మందుల కీమో ఇస్తారు, వాళ్ళలో కూడా ఎక్కువమంది బయటపడతారు.

మా కింది ఫ్లోర్ అమ్మాయికి ఈ కీమో కూడా పూర్తిగా పనిచెయ్యలేదు. వాళ్ళాయన ఫోన్లో నోట్స్‌లో ప్రతి వారం బీటా హెచ్‌సీజీ అంకె, పక్కన తేదీ రాసుకునేవాడు, లిఫ్ట్‌లో కనబడినప్పుడల్లా చూపించేవాడు. లక్షల నుంచి వేలకి, వేల నుంచి వందలకి దిగి, నాలుగు వందల దగ్గర ఆగిపోయింది, ఇంక కదల్లేదు. సీటీలో కుడి ఊపిరితిత్తిలో ఒక్క మచ్చ. ఒక ఆసుపత్రిలో "లంగ్స్‌కి వచ్చింది, కీమో రెసిస్టెంట్, నాలుగో స్టేజీ లాంటిదే" అని చెప్పి నొప్పి మాత్రలు రాశారు. ఇంట్లో పెద్దవాళ్ళు దేవుడి మీద భారం వేసేశారు.

నాలుగో స్టేజీ లాంటిదే అన్న మాట ఈ జబ్బులో చెల్లదు. 1980లో జపాన్‌కి చెందిన తోమోడా బృందం రాసిన కొలమానాలు ఇప్పటికీ వాడుతున్నారు, మనిషి ఆపరేషన్‌కి తట్టుకోగలగాలి, గర్భసంచిలో జబ్బు ఉండకూడదు, ఇంకెక్కడా పాకి ఉండకూడదు, ఊపిరితిత్తుల్లో జబ్బు ఒక వైపుకే పరిమితమై ఉండాలి, హెచ్‌సీజీ వెయ్యికి మించకూడదు. అవన్నీ కుదిరితే ఆ ముక్క తీసేస్తే జబ్బు పూర్తిగా నయం కావచ్చు. ఆ అమ్మాయికి అన్నీ కుదిరాయి. పెట్ సీటీలో ఆ ఒక్క మచ్చే వెలిగింది, ఇంకో సెంటర్‌లో థొరాసిక్ సర్జన్ ఊపిరితిత్తి అంచున ఉన్న ఆ ముక్క కోసి తీశారు, హెచ్‌సీజీ సగం సగం అవుతూ వారాల్లో నార్మల్‌కి దిగింది, తర్వాత జాగ్రత్తకి ఇంకొన్ని సైకిల్స్ కీమో. ఇప్పుడు వాళ్ళ పాపని స్కూల్ బస్ ఎక్కిస్తూ రోజూ కనబడుతుంది.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. కీమో పూర్తిగా పనిచేసి హెచ్‌సీజీ నార్మల్ అయిపోయాక కూడా చాలామందికి ఊపిరితిత్తుల్లో మచ్చ అలాగే ఉండిపోతుంది, అది మాడిపోయిన గుర్తు, దాన్ని కొయ్యక్కర్లేదు. అంటే సీటీ ఫిల్మ్ మీద చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, ఒకరికి ఆపరేషన్ ప్రాణం, ఇంకొకరికి అనవసరం, తేల్చేది రక్తంలో ఆ అంకె. ఇదే కుటుంబంలో ప్లాసెంటల్ సైట్ ట్యూమర్ అని ఒకటుంది, అది మొదటి నుంచే కీమోకి అంతగా లొంగదు, హెచ్‌సీజీ కూడా తక్కువే చూపిస్తుంది, దానికి గర్భసంచి తీసెయ్యడమే ముఖ్యమైన వైద్యం. చూశారా, కీమోకి లొంగలేదన్న మాట ఒకటే, మూడు చోట్ల మూడు జవాబులు.

నయం చెయ్యడానికి కాకుండా బాధ తగ్గించడానికి చేసే ఆపరేషన్ సంగతి వేరు. అండాశయం క్యాన్సర్ ముదిరాక పేగు మూసుకుపోయి నీళ్ళు తాగినా వాంతి అవుతుంది, అప్పుడు కుటుంబం చూడలేక ఏదో ఒకటి చెయ్యండి అంటుంది. పొట్టలో క్యాన్సర్ వల్ల పేగు మూసుకుపోయిన వాళ్ళ మీద 2023లో అమెరికా ట్రయల్ ఒకటి వచ్చింది, ఆపరేషన్ చేసినా, ముక్కులో గొట్టం, మందులతో చూసుకున్నా, మొదటి 91 రోజుల్లో ఆసుపత్రి బయట గడిపిన రోజులు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు 43 దగ్గరే ఉన్నాయి. కొందరికి వాంతులూ నొప్పీ లాంటి బాధలు ఆపరేషన్‌తో కాస్త తగ్గాయి కూడా. కాబట్టి అక్కడ జవాబు మనిషి ఏం కోరుకుంటోందన్నదాన్ని బట్టి ఉండాలి, ఆవిడనే అడగాలి, మంచం పక్కన నిలబడిన కొడుకునో అల్లుడినో కాదు. మార్ఫిన్ గురించి కూడా భయపడకండి, 2014లో చట్టం మార్చాక దొరకడం కొంత తేలికైంది, రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రిలో నొప్పి తగ్గించడానికే ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే వైద్యం) అంటే వదిలెయ్యడం అని మనవాళ్ళలో ఉన్న అభిప్రాయం పోవాలి, పిన్నికి దాన్ని మొదట్లోనే పెట్టి ఉంటే వారాల తరబడి ఆసుపత్రిలో పడుకోవాల్సిన పని ఉండేది కాదు.

సర్జన్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆపరేషన్ చేస్తారా లేదా అని అడగడం ఆపేసి, బయాప్సీలో జబ్బు అసలు పేరేంటి, కనబడేదంతా తీసెయ్యగలమని మీకు ఎంత నమ్మకం, దేని ఆధారంగా, మధ్యలో కుదరదని తేలితే మూసేస్తారా లేక ఎంతో కొంత కోస్తారా, తర్వాత ఇవ్వడానికి పనిచేసే మందు ఉందా అని అడగండి. మంచి సర్జన్లు ఈ ప్రశ్నలకి కోప్పడరు, కొందరు ముందు చిన్న రంధ్రం పెట్టి ల్యాపరోస్కోపీతో చూసి, కుదరదని తెలిస్తే అక్కడే ఆపేస్తారు, వాళ్ళకి దండం పెట్టాలి. కొత్త మందుల సంగతి కూడా అడగాలి, కణాల మీద ఫోలేట్ రిసెప్టార్ అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్న ప్లాటినం రెసిస్టెంట్ జబ్బులో మిర్వెటుక్సిమాబ్ అనే మందు బతికే కాలాన్ని 12.75 నెలల నుంచి 16.46 నెలలు చేసిందని 2023లో వచ్చింది, నాలుగు నెలలే అనిపించొచ్చు, కానీ పొట్ట కొయ్యకుండా వచ్చిన నాలుగు నెలలు అవి. దూరం వెళ్ళలేని వాళ్ళు టాటా మెమోరియల్, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ (దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి) డాక్టర్ల అభిప్రాయం ఆన్‌లైన్‌లో నవ్య అనే సర్వీస్ ద్వారా తీసుకోవచ్చు, రిపోర్టులు అప్‌లోడ్ చేస్తే చాలు.

ప్రభుత్వాల నుంచి నేను కోరేది కూడా ఇదే దారిలో ఉంది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్‌కి ముందు ఎలాగూ అనుమతి తీసుకోవాలి కదా, తిరగబెట్టిన అండాశయం క్యాన్సర్ ఆపరేషన్‌కి ఆ కాగితాల్లో ట్యూమర్ బోర్డు సంతకం, చివరి ప్లాటినం కీమో తేదీ ఉండాలని పెట్టండి. డబ్బు విడుదల చేసే ముందు ఆపరేషన్ నోట్‌లో ఎంత మిగిలిందో సెంటీమీటర్లలో రాసి ఉందా లేదా చూడండి. డిశ్చార్జ్ సమ్మరీ మొదటి పేజీలోనే, "మాక్సిమల్" లాంటి మాటలు లేకుండా, మొత్తం తీశాం, లేదా ఫలానా చోట ఇంత మిగిలింది అని తెలుగులో ఒక్క లైను రాసివ్వమనండి. ఇందులో ఆసుపత్రులకి పైసా ఖర్చు లేదు.